నేల తేమ కొలత: పైరుకు ఎప్పుడు, ఎంత నీరు పెట్టాలో తేల్చే లెక్క

తెలుగునాట సేద్యంలో ‘అదును’, ‘పదును’ అనే మాటలు జంటగా వినిపిస్తాయి. అదును కాలానికి సంబంధించినది. పదును నేలలోని తేమకు సంబంధించినది. విత్తే వేళ ఈ రెండింటినీ సమంగా చూసే రైతు, పైరు మొలిచి తడులు మొదలైన తరువాత ఎక్కువగా కాలాన్నే నమ్ముకుంటాడు. వారానికో తడి, పది రోజులకో తడి, వంతు వచ్చినప్పుడో కరెంటు ఉన్నప్పుడో మరో తడి. వేర్ల దగ్గర ఎంత తేమ మిగిలి ఉందన్న సంగతి పైకి కనిపించదు గనుక లెక్కలోకి రాదు.

ఈ అలవాటు వెల చిన్నది కాదు. కేంద్ర భూగర్భ జల మండలి 2024 అంచనా ప్రకారం దేశంలో ఏటా 245.64 శతకోటి ఘనపు మీటర్ల భూగర్భ జలాన్ని తోడుతున్నారు. అందులో దాదాపు 87 శాతం సేద్యానికే వెళుతోంది. దక్కన్ పీఠభూమిలో నీరు గట్టి రాతి పగుళ్లలోనూ, శిథిల శిలా పొరల్లోనూ కొద్ది మొత్తంలో మాత్రమే నిలుస్తుంది. అటువంటి చోట అవసరం లేని ఒక్క తడి, పంట చివరి దశలో దక్కవలసిన మరో తడిని ముందుగానే తినేస్తుంది. నేల తేమను కొలిచి, ఆ కొలతను బట్టి నీటి తడులను నిర్ణయించే పద్ధతులు ఈ కారణంగానే ప్రాధాన్యం సంతరించుకున్నాయి. అవి ఎలా పనిచేస్తాయి, ఏ నేలకు ఏది తగినది, వాటి పరిమితులేమిటన్నదే ఈ కథనం.

నేలలో నీరు నిలిచే తీరు

భారీ వర్షం కురిసినప్పుడు లేదా పొలం నిండా నీరు పెట్టినప్పుడు మట్టి రేణువుల మధ్య ఖాళీలన్నీ నీటితో నిండుతాయి. ఇది సంతృప్త స్థితి. పెద్ద ఖాళీల్లోని నీరు భూమ్యాకర్షణకు లొంగి ఒకటి నుంచి మూడు రోజుల్లో కిందికి దిగిపోతుంది. ఆ తరువాత సన్నని రంధ్రాల్లో, రేణువుల చుట్టూ పొరలుగా మిగిలే నీటి పరిమాణాన్ని క్షేత్ర సామర్థ్యం అంటారు. అక్కడి నుంచి వేర్లు నీటిని పీల్చుకుంటూ పోగా, మొక్క ఇక ఎంత ప్రయత్నించినా మట్టి నుంచి నీటిని లాగలేని దశ వస్తుంది. రాత్రి చల్లబడినా, చుట్టూ గాలిలో తేమ ఉన్నా ఆకులు తిరిగి నిలువవు. ఇది శాశ్వత వాడుదల స్థితి.

అమెరికా వ్యవసాయ శాఖ శాస్త్రవేత్తలు లైమన్ బ్రిగ్స్, హోమర్ షాంట్జ్ 1912లో వాడుదల స్థితికి శాస్త్రీయ నిర్వచనం ఇచ్చారు. క్షేత్ర సామర్థ్యమన్న భావనకు కాలిఫోర్నియాకు చెందిన వైమేయర్, హెండ్రిక్సన్ 1931లో రూపమిచ్చారు. ఈ రెండు హద్దుల నడుమ ఉన్న నీరే పైరుకు అందుబాటులో ఉండే నీరు.

అయితే ఆ నీరంతా ఒకే సులువుతో అందదు. మట్టి ఎండుతున్న కొద్దీ మిగిలిన నీటిని అది మరింత బిగువుగా పట్టి ఉంచుతుంది. ఈ బిగువును పీడనపు కొలమానమైన కిలోపాస్కల్‌లలో చెబుతారు. క్షేత్ర సామర్థ్యం వద్ద ఇది చాలా నేలల్లో సుమారు 33 కిలోపాస్కల్‌లు, ఇసుక నేలల్లో 10 వరకు ఉంటుంది. వాడుదల స్థితి వద్ద 1,500గా లెక్కిస్తారు. ఆకు వాడినట్టు కంటికి కనిపించడానికి ఎంతో ముందే మొక్క ఆకు రంధ్రాలను మూసుకుని, పెరుగుదలను తగ్గించుకుంటుంది. వాడిన ఆకును చూసి మోటారు వేసేవారికి దిగుబడి నష్టం అప్పటికే జరిగిపోయి ఉంటుంది.

అందువల్ల అందుబాటులోని నీటిలో ఎంత భాగం ఖర్చయ్యేదాకా ఆగవచ్చన్నది ముఖ్యమైన ప్రశ్న. ఐక్యరాజ్యసమితి ఆహార, వ్యవసాయ సంస్థ 1998లో ప్రచురించిన పంట నీటి అవసరాల మార్గదర్శకాలు పంటవారీగా ఈ హద్దును సూచించాయి. ఉల్లి, మిరపలకు 30 శాతం, టమాటాకు 40, వేరుశనగకు 50, మొక్కజొన్నకు 55, పత్తికి 65 శాతం నీరు ఖర్చయ్యేదాకా ఆగవచ్చు. పైరు రోజుకు సుమారు 5 మిల్లీమీటర్ల నీరు వాడుకునే వాతావరణానికి ఈ అంకెలు వర్తిస్తాయి. ఎండ, వడగాలి ఎక్కువైతే హద్దును తగ్గించుకోవాలి.

ఒకే పది రోజులు, రెండు పొలాలు

ఈ సూత్రాన్ని రెండు పొలాలకు అన్వయించి చూస్తే తేడా తెలుస్తుంది. మొదటిది తేలికపాటి ఎర్ర చల్కా నేల, పంట వేరుశనగ. ఇటువంటి నేల మీటరు లోతుకు సుమారు 100 మిల్లీమీటర్ల నీటిని పైరుకు అందించగలదనుకుందాం. వేర్లు అర మీటరు దిగాయంటే అందుబాటులో ఉన్నది 50 మిల్లీమీటర్లు. అందులో సగం, అంటే 25 మిల్లీమీటర్లు ఖర్చయ్యే లోపు నీరు పెట్టాలి. పైరు రోజుకు 5 మిల్లీమీటర్లు వాడితే ఆ గడువు ఐదు రోజులే.

రెండవది నల్లరేగడి, పంట పత్తి. మీటరు లోతుకు 160 మిల్లీమీటర్లు నిలుస్తుందనీ, వేర్లు మీటరు దాకా దిగాయనీ అనుకుంటే, అందులో 65 శాతం 104 మిల్లీమీటర్లు. అదే 5 మిల్లీమీటర్ల వాడకంతో గడువు ఇరవై రోజులు.

ఇద్దరు రైతులూ పది రోజులకో తడి అన్న ఒకే నియమాన్ని పాటిస్తే ఇద్దరూ నష్టపోతారు. వేరుశనగ ప్రతి విడతలోనూ చివరి ఐదు రోజులు బెట్టకు గురవుతుంది. ఊడలు దిగే దశలోనో కాయ ఊరే దశలోనో అది జరిగితే ఆ లోటును తరువాతి తడులు పూడ్చలేవు. పత్తి చేనులో పది రోజులకు ఖర్చయ్యేది 50 మిల్లీమీటర్లే. మడి నిండా నీరు వదిలితే అంతకు మించి చేరిన నీరు వేరు మండలాన్ని దాటి కిందికి పోతుంది, పోతూ పోతూ నైట్రేట్ రూపంలోని నత్రజనిని వెంట తీసుకుపోతుంది. నేలలో గాలి ఆడక వేర్లు దెబ్బతినే ప్రమాదమూ ఉంటుంది.

మిల్లీమీటర్లను మోటారు గంటల్లోకి మార్చుకోవడమూ కష్టం కాదు. ఎకరా విస్తీర్ణంలో ఒక మిల్లీమీటరు నీరంటే 4,047 లీటర్లు. పై వేరుశనగ చేనుకు కావలసిన 25 మిల్లీమీటర్లంటే ఎకరాకు సుమారు లక్ష లీటర్లు. సెకనుకు 3 లీటర్లు పోసే బోరు గంటకు 10,800 లీటర్లు ఇస్తుంది. దారిలో వృథా ఏమీ లేదనుకున్నా ఎకరాకు తొమ్మిదిన్నర గంటలు నడవాలి. ఈ లెక్క చేతిలో ఉన్న రైతుకు ఎప్పుడు మోటారు వేయాలన్న దానితో పాటు ఎప్పుడు ఆపాలన్నదీ తెలుస్తుంది.

చేతిలోకి మట్టి తీసుకుంటే

కొలతకు అన్నిటికన్నా చవకైన సాధనం రైతు చేయే. పలుగుతోనో తవ్వుకోలతోనో పైపొరను దాటి, 15 సెంటీమీటర్ల దగ్గర ఒకసారి, 30 సెంటీమీటర్ల దగ్గర మరోసారి మట్టి తీసి పిడికిట నొక్కాలి. తేలికపాటి ఎర్ర నేలలో మట్టి చక్కగా ఉండ కట్టి, అరచేతికి చెమ్మ అంటితే తేమ పుష్కలంగా ఉన్నట్టు. ఉండ కట్టినా, కొద్దిగా ఎగరేసి పట్టుకుంటే విడిపోతే సగానికి దగ్గరైనట్టు. ఉండ కట్టకుండా పొడిగా జారిపోతే ఆలస్యమైనట్టే. నల్లరేగడిలో బొటనవేలు, చూపుడువేలు నడుమ మట్టిని సాగదీసి చూడాలి. తెగకుండా పట్టీలా సాగితే తేమ ఉంది. సాగకుండా పెళుసుగా విరిగితే తరుగుతోంది.

ఈ పరీక్ష కచ్చితమైన అంకె ఇవ్వదు. అయితే ఒకే పొలాన్ని ఏళ్ల తరబడి ఇలా చూసిన చేతి అంచనా చాలా సందర్భాల్లో నమ్మదగినదే. పైపొరను మాత్రమే చూసి నిర్ణయించడం ఇక్కడ తరచుగా జరిగే పొరపాటు. ఎండ వేడికి పై రెండంగుళాలు ఎండి తెల్లబడినా కింద వేర్ల దగ్గర తేమ నిండుగా ఉండవచ్చు. చిరుజల్లు తరువాత దీనికి విరుద్ధమైన పరిస్థితి ఉంటుంది.

అన్ని పరికరాల కచ్చితత్వానికీ గీటురాయి ప్రయోగశాలలో తూచి చూసే పద్ధతి. మట్టి నమూనాను తూచి, 105 డిగ్రీల సెల్సియస్ వద్ద సుమారు 24 గంటలు ఓవెన్‌లో ఆరబెట్టి, తిరిగి తూస్తారు. తడి మట్టి 120 గ్రాములు, ఆరిన మట్టి 100 గ్రాములు ఉంటే తేమ బరువు ప్రకారం 20 శాతం. ఆ నేల స్థూల సాంద్రత 1.4 అయితే పరిమాణం ప్రకారం తేమ 28 శాతం అవుతుంది. అంటే ప్రతి 10 సెంటీమీటర్ల లోతులో 28 మిల్లీమీటర్ల నీరు ఉందని అర్థం. ఫలితానికి ఒక రోజు పడుతుంది గనుక రోజువారీ నిర్ణయాలకు ఇది ఉపకరించదు. ఇతర పరికరాలను సరిచూసుకోవడానికి మాత్రం దీనిని మించినది లేదు.

బిగువును చూపే గొట్టం

మట్టిలో ఎంత నీరుందో చెప్పే పరికరాలు కొన్ని. ఆ నీటిని మట్టి ఎంత బిగువుగా పట్టి ఉంచిందో చెప్పేవి మరికొన్ని. రెండవ కోవలో ప్రధానమైనది టెన్షియోమీటర్. సన్నని రంధ్రాలున్న పింగాణీ మొన, దానికి అమర్చిన నీటి గొట్టం, పైన వాక్యూమ్ గేజి, ఇంతే దీని నిర్మాణం. మట్టి ఎండుతున్న కొద్దీ మొన ద్వారా గొట్టంలోని నీటిని బయటికి లాగుతుంది. గొట్టంలో ఏర్పడే శూన్యాన్ని గేజి చూపుతుంది. వేరు చేసే శ్రమను ఈ పరికరం నేరుగా చూపుతుంది గనుక నేల రకాన్ని బట్టి అంకెను మార్చి చదువుకోవలసిన అవసరం తక్కువ.

దీనికి హద్దు ఉంది. బిగువు 80 నుంచి 85 కిలోపాస్కల్‌లు దాటితే గొట్టంలోకి గాలి చేరి కొలత ఆగిపోతుంది. తిరిగి నీరు నింపాలి. ఇసుకపాలు ఎక్కువగా ఉన్న నేలల్లో పైరుకు అందే నీటిలో అధిక భాగం ఈ హద్దు లోపే విడుదలవుతుంది. కూరగాయలు, పండ్ల తోటలు, బిందు సేద్యానికి టెన్షియోమీటర్ అనువుగా ఉండడానికి కారణం అదే. నల్లరేగడిలో చాలా నీరు ఈ హద్దుకు ఆవల కూడా మిగిలి ఉంటుంది గనుక అక్కడ దీని ఉపయోగం పరిమితం.

హద్దును దాటి కొలవడానికి విద్యుత్ నిరోధాన్ని ఆధారం చేసుకున్న దిమ్మెలు వచ్చాయి. బోయుకోస్, మిక్ అనే శాస్త్రవేత్తలు 1940లో అమెరికాలోని మిచిగన్‌లో జిప్సం దిమ్మెను వివరించారు. మట్టిలో పాతిన దిమ్మె చుట్టూ ఉన్న తేమను పీల్చుకుంటుంది. తేమ ఎక్కువైతే విద్యుత్తు సులువుగా ప్రవహిస్తుంది. ఎండితే నిరోధం పెరుగుతుంది. దీని తరువాతి రూపాలు సుమారు 200 కిలోపాస్కల్‌ల వరకు కొలవగలవు. చవి నేలల్లో లవణాల వల్ల తప్పుడు అంకెలు రావడం వీటి లోపం.

ప్రస్తుతం మార్కెట్లో మొబైల్ ఫోనుకు సమాచారం పంపే సెన్సర్లలో ఎక్కువ భాగం మరో సూత్రంపై పనిచేస్తాయి. నీటి రోధక స్థిరాంకం సుమారు 80; పొడి మట్టి ఖనిజాలది 3 నుంచి 5; గాలిది 1. మట్టిలో నీరు ఏ కొద్ది పెరిగినా ఈ విలువ స్పష్టంగా పెరుగుతుంది. విద్యుదయస్కాంత తరంగం ఆధారంగా దీనిని కొలిచి తేమను లెక్కగట్టే సూత్రాన్ని కెనడాకు చెందిన టాప్, డేవిస్, అనన్ 1980లో ప్రచురించారు. ఈ పరికరాలు క్షణాల్లో అంకె చూపుతాయి. అయితే బంకమట్టిలోనూ చవి నేలలోనూ స్థానికంగా సరిచూడకుండా ఆ అంకెను నమ్మకూడదు. నల్లరేగడి ఎండి నెర్రెలు విచ్చినప్పుడు సెన్సరుకూ మట్టికీ మధ్య గాలి చేరి, ఉన్నదానికన్నా తక్కువ తేమను చూపే అవకాశం ఉంది.

అంకెకు బదులు రంగు

శాతాలు, కిలోపాస్కల్‌లు పొలం గట్టు మీద నిర్ణయం తీసుకునేవారికి అక్కరకు రావడం లేదన్న గ్రహింపుతో కొన్ని సంస్థలు కొలతను రంగులోకి మార్చాయి. కోయంబత్తూరులోని భారత వ్యవసాయ పరిశోధన మండలి చెరకు ప్రజనన సంస్థ రూపొందించిన నేల తేమ సూచిక ఈ కోవలోనిదే. కడ్డీలను నేలలో గుచ్చితే చిన్న దీపం వెలుగుతుంది. నీలం వెలిగితే తేమ పుష్కలం, ఆకుపచ్చ వెలిగితే చాలినంత, నారింజ వెలిగితే తక్కువ, ఎరుపు వెలిగితే వెంటనే నీరు పెట్టాలి.

ఆస్ట్రేలియా ప్రభుత్వ పరిశోధన సంస్థ సీఎస్‌ఐఆర్‌ఓలో రిచర్డ్ స్టిర్జేకర్ బృందం రూపొందించిన ‘కమేలియన్’ పరికరం వేర్వేరు లోతుల్లో పాతిన సెన్సర్ల స్థితిని నీలం, ఆకుపచ్చ, ఎరుపు రంగుల్లో చూపుతుంది. టాంజానియా, జింబాబ్వే, మొజాంబిక్ దేశాల్లోని చిన్న సాగునీటి పథకాల్లో దీనిని రైతులకు ఇచ్చారు. వేర్ల కింద నీలం రంగు మారకుండా ఉండడం చూసిన రైతులు తడుల సంఖ్యను తగ్గించుకున్నారు. ఆ మేరకు వారి శ్రమ, సమయం మిగిలాయి. కాలువ చివరి పొలాలకు నీరు చేరి, నీటి తగాదాలు తగ్గాయి.

ఎక్కడ పాతాలి?

పరికరం ఏదైనా, తప్పు చోట పాతితే కొలత తప్పుదారి పట్టిస్తుంది. గట్టు పక్కన, చెట్టు నీడలో, నీరు నిలిచే పల్లంలో పాతకూడదు. పొలంలో ఎక్కువ భాగానికి ప్రతినిధిగా నిలిచే చోటును ఎంచుకుని, మొక్కల వరుసలోనే పాతాలి. బిందు సేద్యంలో డ్రిప్పరు నుంచి 10 నుంచి 15 సెంటీమీటర్ల దూరం అనువైనది. రంధ్రం చేసిన తరువాత అదే మట్టిని నీటితో కలిపి జారుగా చేసి పోస్తే పరికరానికీ నేలకూ మధ్య ఖాళీ మిగలదు.

ఒకటికి రెండు లోతుల్లో పాతడం ఉత్తమం. వేరు మండలంలో పై మూడో వంతున ఒకటి, కింది మూడో వంతున మరొకటి ఉండాలి. పైది ఎండితే నీరు పెట్టే వేళ అయినట్టు. తడి పెట్టిన తరువాత కిందిదాని అంకె మారితే నీరు అక్కడి వరకు చేరినట్టు. ప్రతి తడికీ కిందిది సంతృప్త స్థితికి చేరుతుంటే మోటారు అవసరానికి మించి నడుస్తోందని గ్రహించాలి. బిందు సేద్యానికి ఈ జాగ్రత్త మరింత అవసరం. గొట్టం ద్వారా బొట్టు బొట్టుగా ఇచ్చినా, గంటలు పెరిగితే నీరు వేర్లను దాటే పోతుంది. పైన తడిసిన వలయం చిన్నదిగానే కనిపిస్తుంది గనుక ఆ నష్టం కంటబడదు.

వరి మడిలో వేరే లెక్క

నిలువ నీటిలో పెరిగే వరికి పై హద్దులు వర్తించవు. అంతర్జాతీయ వరి పరిశోధన సంస్థ ప్రచారం చేసిన తడి, ఆరుతడి పద్ధతిలో కొలత సాధనం ఒక చిల్లుల గొట్టం. సుమారు 30 సెంటీమీటర్ల పొడవు, 10 నుంచి 15 సెంటీమీటర్ల వ్యాసం ఉన్న గొట్టానికి చుట్టూ రంధ్రాలు చేసి, అడుగు భాగాన్ని మడిలో పాతి, లోపలి మట్టిని తీసివేస్తారు. నాటిన ఒకటి రెండు వారాల తరువాత మడిలో నీరు ఇంకనిచ్చి, గొట్టంలో నీటి మట్టం నేలకు 15 సెంటీమీటర్ల దిగువకు చేరినప్పుడు మళ్లీ 5 సెంటీమీటర్ల మేర నీరు పెడతారు. పూత దశకు వారం ముందు నుంచి వారం తరువాత వరకు మడి ఆరకుండా చూడాలి. ఈ పద్ధతితో నీటి వాడకం 30 శాతం వరకు తగ్గుతుందని సంస్థ చెబుతోంది. మడి మధ్యమధ్య ఆరడం వల్ల మీథేన్ ఉద్గారాలు కూడా గణనీయంగా తగ్గుతాయి. బంగ్లాదేశ్‌లో రైతులు ఈ సాధనాన్ని ‘పానీ పైప్’ అని పిలుస్తారు.

పంజాబ్‌లో లూధియానాలోని పంజాబ్ వ్యవసాయ విశ్వవిద్యాలయం వరికే టెన్షియోమీటర్‌ను మలచింది. గేజికి బదులు గొట్టం మీద ఆకుపచ్చ, పసుపు, ఎరుపు పట్టీలు ఉంటాయి. 15 నుంచి 20 సెంటీమీటర్ల లోతున పాతిన ఈ గొట్టంలో నీటి మట్టం ఆకుపచ్చ దాటి పసుపు పట్టీకి దిగినప్పుడు మోటారు వేయాలి. భూగర్భ జలం ఏటా దిగిపోతున్న ఆ రాష్ట్రంలో, నాట్ల తేదీని వెనక్కి జరుపుతూ 2009లో చట్టం చేశారు. దానికి తోడుగా పొలం స్థాయిలో ఈ చవకైన సాధనం అందుబాటులోకి వచ్చింది.

ఆకాశం నుంచి వచ్చే లెక్క

నేలలో ఏదీ పాతకుండా వాతావరణాన్ని బట్టి లెక్కగట్టే మార్గమూ ఉంది. నీటి ఆవిరి పళ్లెంలో రోజూ ఎన్ని మిల్లీమీటర్లు ఆవిరయ్యాయో కూడుకుంటూ పోయి, పెట్టే తడికీ ఆ మొత్తానికీ నిష్పత్తిని చూడడం భారత వ్యవసాయ పరిశోధనలో దశాబ్దాలుగా ఉన్న విధానం. 50 మిల్లీమీటర్ల తడికి నిష్పత్తి 0.8గా నిర్ణయిస్తే, ఆవిరి మొత్తం 62.5 మిల్లీమీటర్లకు చేరిన రోజు నీరు పెట్టాలి. భారత వాతావరణ శాఖ వారానికి రెండుసార్లు, మంగళ, శుక్రవారాల్లో ఇచ్చే వ్యవసాయ సలహాలు రాబోయే వర్షాన్ని ఈ లెక్కలో కలుపుకోవడానికి తోడ్పడతాయి. రెండు రోజుల్లో వాన సూచన ఉన్నప్పుడు తడిని ఆపగలగడం ఏ సెన్సరూ ఇవ్వలేని ఆదా.

ఉపగ్రహాలు మరో స్థాయిలో పనిచేస్తాయి. ఐరోపా అంతరిక్ష సంస్థ 2009 నవంబరు 2న ‘స్మోస్’ను, అమెరికా అంతరిక్ష సంస్థ నాసా 2015 జనవరి 31న ‘స్మాప్’ను నేల తేమ పరిశీలన ప్రధాన ఉద్దేశాల్లో ఒకటిగా ప్రయోగించాయి. శ్రీహరికోట నుంచి 2022 ఫిబ్రవరి 14న నింగికెగసిన ఇస్రో రాడార్ ఉపగ్రహం ఈఓఎస్-04 ఉద్దేశాల్లోనూ, 2025 జులై 30న అక్కడి నుంచే వెళ్లిన నాసా, ఇస్రో ఉమ్మడి ఉపగ్రహం ‘నిసార్’ ఉద్దేశాల్లోనూ నేల తేమ ఉంది. మేఘాలున్నా, రాత్రయినా రాడార్ తరంగాలు నేలను చూడగలవు.

అయితే ఉపగ్రహం చూసేది ప్రధానంగా పై 5 సెంటీమీటర్ల పొరనే. ‘స్మోస్’, ‘స్మాప్’ కొలతల్లో ఒక్కో బిందువు పదుల కిలోమీటర్ల మేర విస్తరిస్తుంది. మండలంలో విత్తనానికి పదును ఉందా, జిల్లాలో కరవు ముంచుకొస్తోందా అన్న ప్రశ్నలకు ఈ సమాచారం విలువైనది. ఒక సర్వే నంబరులోని రెండెకరాల మిరప తోటకు ఈ రోజు నీరు పెట్టాలా అన్న ప్రశ్నకు అది ఒక్కటే చాలదు.

నీరు రైతు చేతిలో లేనప్పుడు

కొలత ఇచ్చే ఫలితం, ఆ కొలత ప్రకారం నడుచుకునే వెసులుబాటు రైతుకు ఎంత ఉందన్నదానిపై ఆధారపడుతుంది. వారబందీ అమలయ్యే కాలువ కింద వంతు వచ్చిన రోజు నీరు పెట్టుకోకపోతే మళ్లీ వంతు దాకా ఆగాలి. నేలలో తేమ ఉందని సెన్సరు చెప్పినా, ఆ మాట విని వంతు వదులుకునే రైతు అరుదు. నాలుగు కుటుంబాలు పంచుకునే బోరు దగ్గరా ఇదే పరిస్థితి.

విద్యుత్ సరఫరా మరో కారణం. పంజాబ్‌లో 1997 నుంచి, ఆంధ్రప్రదేశ్‌లో 2004 నుంచి సేద్యానికి ఉచిత విద్యుత్ అమలులోకి వచ్చింది. వేళాపాళా లేని సరఫరాకు అలవాటుపడిన రైతులు, కరెంటు రాగానే మోటారు దానంతట అదే నడిచేలా ఆటో స్టార్టర్లు పెట్టుకున్నారు. ఆ ఏర్పాటులో నేల తేమ ప్రసక్తే లేదు. తెలంగాణలో 2018 జనవరి 1 నుంచి 24 గంటల ఉచిత విద్యుత్ మొదలుపెట్టే ముందు, ఆటో స్టార్టర్లను తొలగించుకోవాలని ప్రభుత్వం రైతులను కోరవలసి వచ్చింది. కరెంటు ఎప్పుడూ ఉంటుందన్న నమ్మకం కుదిరితే, అవసరమైనప్పుడే మోటారు వేయడం సాధ్యమవుతుందన్నది ఆ విజ్ఞప్తి వెనుక ఉన్న తర్కం.

ఉచిత విద్యుత్ ఉన్నచోట ఒక తడి తగ్గిస్తే రైతుకు రూపాయి మిగలదు, మిగిలేది నీరే. అందువల్ల బోరు ఎండిపోతుందన్న భయం ఉన్న గట్టి రాతి ప్రాంతాల్లో కొలతకు దొరికే ఆదరణ, నీరు తరగదనుకునే కాలువ కింద దొరకదు.

మిగిలిన నీరు ఎటు పోతుందన్న ప్రశ్న కూడా తేలికైనది కాదు. పొలంలో ఆదా అయిన నీటితో అదే రైతు మరో అర ఎకరం సాగు చేస్తే, గ్రామం మొత్తంలో తోడే నీరు తగ్గదు. పైగా కిందికి ఇంకిన నీటిలో కొంత పక్క బావికి ఊటగా చేరుతుంటుంది. దానిని ఆపితే ఒకరి పొదుపు మరొకరి కొరత కావచ్చు. ఆహార, వ్యవసాయ సంస్థ 2017లో ప్రచురించిన నివేదిక, మరుసటి ఏడు ‘సైన్స్’ పత్రికలో వచ్చిన అంతర్జాతీయ పరిశోధకుల వ్యాసం ఈ విషయాన్నే హెచ్చరించాయి. తోడే మొత్తానికి హద్దు లేకుండా పొలం స్థాయి పొదుపు మాత్రమే భూగర్భ జలాన్ని కాపాడలేదు.

ఈ సమస్యకు గ్రామ స్థాయి సమాధానం ఒకటి తెలుగు నేలపైనే ప్రయత్నానికి వచ్చింది. నెదర్లాండ్స్ నిధులతో, ఆహార, వ్యవసాయ సంస్థ సహకారంతో 2000వ దశకంలో ఉమ్మడి ఆంధ్రప్రదేశ్‌లోని ఏడు కరవు జిల్లాల్లో రైతుల భాగస్వామ్య భూగర్భ జల పథకం నడిచింది. రైతులే వర్షపాతాన్ని, బావుల నీటి మట్టాన్ని కొలిచి, రబీకి ముందు ఊరంతా కూర్చుని నీటి లెక్క వేసుకుని, ఏ పంట వేయాలో ఎవరికి వారు నిర్ణయించుకున్నారు. ఊరి బావిలో ఎంత ఉందన్న ఆ లెక్కకు, వేర్ల దగ్గర ఎంత ఉందన్న లెక్క తోడైతే ఆదా అయిన నీరు ఎటు వెళ్లాలో కూడా కలిసి తేల్చుకోవచ్చు.

మొదలు పెట్టడానికి సెన్సరు కొనవలసిన పని లేదు. మోటారు వేసే ముందు పొలంలో రెండు చోట్ల, రెండు లోతుల్లో మట్టి తీసి చూడడం, తేదీనీ, మోటారు నడిచిన గంటలనూ, కురిసిన వాననూ ఒక పుస్తకంలో రాసుకోవడం చాలు. ఒక పంటకాలం పూర్తయ్యేసరికి ఎన్ని తడులు మట్టి అడిగినవో, ఎన్ని కేవలం కరెంటు వచ్చినందుకో వంతు వచ్చినందుకో పెట్టినవో ఆ పుస్తకంలో తేలుతుంది. పరికరం అవసరమా, అవసరమైతే ఏది అన్న నిర్ణయం ఆ తరువాత తీసుకోవచ్చు.